పాతికేళ్ల పెళ్లిరోజుకు అంగ్‌కోర్ వెళ్లాం

బ్యాంకాక్ నగరానికి రెండు విమానాశ్రయాలు ఉన్నాయన్న సంగతి మాకు తెలిసేసరికి, రెండో దాని నుంచి మా విమానం బయలుదేరడానికి రెండు గంటలే మిగిలింది. మేం నిలబడి ఉన్నది మొదటి దానిలో.

2024 నవంబరు 14, గురువారం ఉదయం. అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో ఎక్కి, తెల్లవారేసరికి సువర్ణభూమి విమానాశ్రయంలో దిగాం. ఇమ్మిగ్రేషన్ వరుసలో గంటసేపు నిలబడి, పెట్టెలు తీసుకుని, అంగ్‌కోర్ గుళ్లు ఉన్న కంబోడియా ఊరు సియెమ్ రీప్‌కు వెళ్లే విమానం ఏ గేటులోనో చూద్దామని బోర్డు దగ్గరికి వెళ్లాం. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాం. మా విమానం నంబరు లేదు. సమాచార కేంద్రంలోని అమ్మాయి మా టికెట్టు చూసి, దాని మీద రెండు చోట్ల వేలు పెట్టింది. దిగిన చోటికి మూడక్షరాల సంకేతం ఒకటి, ఎక్కవలసిన చోటికి ఇంకొకటి. పక్కన రెండింటికీ బ్యాంకాక్ అనే రాసి ఉంది. ఆ టికెట్టును ఇంట్లో ఎన్నిసార్లు తీసి చూసుకున్నామో! ఒక్కసారి కూడా ఆ అక్షరాలను పోల్చి చూడలేదు.

రెండోది డాన్ ముయాంగ్. నగరానికి ఇంకో పక్కన, దాదాపు 50 కిలోమీటర్ల దూరం. రెండింటి మధ్య ఉచిత బస్సు నడుస్తుంది, ముందుకు వెళ్లే టికెట్టు చూపిస్తే ఎక్కించుకుంటారు. అప్పట్లో భారతీయులకు థాయ్‌లాండ్ వీసా అక్కర్లేదు కాబట్టి బయటికి రాగలిగాం, లేకపోతే ఆ బస్సు దాకా కూడా వెళ్లేవాళ్లం కాదు. అది ఆఫీసుల వేళ. బస్సు కదిలిన దానికన్నా ఆగి ఉన్నదే ఎక్కువ. మేం చేరేసరికి మా విమానం చెకిన్ కౌంటర్ మూసి పదిహేను నిమిషాలైంది.

మా వారు హన్మకొండలో ఇళ్లు కట్టే చిన్న కాంట్రాక్టరు. పాతికేళ్లలో ఆయన కోపం చాలాసార్లు చూశాను. సిమెంటు పాళ్లు తగ్గితే కోపం, స్లాబు వేసే రోజు కూలీలు ఆలస్యంగా వస్తే కోపం. ఆ ఉదయం మాత్రం ఏమీ అనలేదు. గోడ పక్క కుర్చీలో కూర్చుని, "నేనే చూసుకోవలసింది. పెళ్లిరోజు యాత్ర అని ఇంత దూరం తీసుకొచ్చి నిన్ను ఇక్కడ కూర్చోబెట్టాను" అన్నారు. టికెట్లు బుక్ చేసింది ఆయనే, నిజమే. పక్కన కూర్చుని కార్డు నంబరు చదివింది నేను. "ఇద్దరం కలిసి చేసిన తప్పండీ ఇది, మీ ఒక్కరిదే ఎలా అవుతుంది?" అన్నాను.

అదే రోజుకు వేరే విమానంలో సీట్లు ఉన్నాయి కానీ ధర మా శక్తికి మించింది. మరునాడు ఉదయానికి ఇద్దరికీ కలిపి పద్దెనిమిది వేలకు దొరికాయి. సియెమ్ రీప్ హోటల్‌కు ఫోన్ చేసి ఒక రోజు ఆలస్యమని చెప్పాం. ఆ రోజంతా, ఆ రాత్రంతా మేం డాన్ ముయాంగ్ విమానాశ్రయంలోనే ఉన్నాం.

అంగ్‌కోర్ మా ఇద్దరి మధ్య ఎంత పాత మాటో చెప్పాలి. మా పెళ్లి 1999 నవంబరులో, కార్తీక బహుళ విదియ నాడు జరిగింది. ఆ తర్వాత మూడో వారంలో మమ్మల్ని ఇద్దరినే పంపిన ఒకే ఒక్క యాత్ర రామప్ప. ములుగు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి పాలంపేటకు ఇంకో బస్సు. అత్తమ్మ కట్టిచ్చిన సర్వపిండి చెట్టు కింద కూర్చుని తిన్నాం. అందరూ మదనికల వంక తలెత్తి చూస్తుంటే, ఈయన నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి రెండు రాళ్ల మధ్య అతుకు చూపించారు. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని, పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద ఇంత బరువు నిలబెట్టారని ఎంత ఇష్టంగా చెప్పారో! 1213లో కట్టిన గుడి అని నాకు మొదట చెప్పింది ఆయనే. చివరగా, "కంబోడియాలో అంగ్‌కోర్ అని ఉందట. మనవాళ్లు ఇది కడుతున్న కాలంలోనే అక్కడ ఊరికి ఊరే గుళ్లు కట్టారట. ఎప్పటికైనా వెళ్దాం" అన్నారు. కొత్త పెళ్లికూతుర్ని, సరేనన్నాను.

తర్వాత పిల్లలు, వాళ్ల చదువులు, మామయ్య జబ్బు, సొంత ఇల్లు. ప్రయాణాలు చేయలేదని కాదు. తిరుపతికైనా, శ్రీశైలానికైనా, మేడారం జాతరకైనా పదిమందిమి కలిసే వెళ్లాం. ఇద్దరమే ఒక బస్సు ఎక్కింది రామప్పకు మాత్రమే.

2024 మార్చిలో, మహాశివరాత్రి నాడు వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని తెరిచారు. 2006 ప్రాంతంలో పునాది కుంగిందని దాన్ని రాయి రాయిగా విప్పి, ఒక్కో రాయికీ నంబరు వేసి పక్కన పేర్చారు. మా పిల్లలకు ఆ మండపం అంటే రాళ్ల వరుసలే. వాళ్లు పెరిగి పెద్దయ్యారు, మండపం మాత్రం లేవలేదు. గుడికి వెళ్లిన ప్రతిసారీ ఈయన ఆ రాళ్ల దగ్గర ఆగి, పని ఎంతవరకు వచ్చిందో చూసేవారు. ఆ శివరాత్రికి పూర్తయిన మండపంలో నిలబడి, "ఇక మనం కూడా వెళ్దామా?" అని అడిగారు. ఎక్కడికని నేను అడగలేదు.

పాస్‌పోర్టులు వరంగల్ పోస్టాఫీసులోని సేవా కేంద్రంలోనే అయ్యాయి. హైదరాబాద్ వెళ్లే అవసరం రాలేదు. పోలీసు విచారణ కూడా ఇంటి దగ్గరే సులువుగా ముగిసింది.

మళ్లీ డాన్ ముయాంగ్‌కు వస్తాను. ఆ పొద్దంతా ఏం చేశామని మా అమ్మాయి తర్వాత చాలాసార్లు అడిగింది. మాట్లాడుకున్నాం. అంతే. సంచీలో సర్వపిండి, చెక్క గారెలు ఉన్నాయి. కార్తీకమాసంలో నీచు ముట్టం కాబట్టి అవి పెట్టుకున్నాం. మధ్యాహ్నం వాటినే తిని, రెండు కాఫీలు తాగాం. ఆయన తన మొదటి సైటులో నష్టం ఎలా వచ్చిందో చెప్పారు. ఆ రోజుల్లో నా గాజులు ఎందుకు తాకట్టు పెట్టారో నాకు పూర్తిగా తెలిసింది అప్పుడే. రెండోసారి గర్భం నిలవనప్పుడు నేను ఎవరికీ చెప్పుకోని మాటలు కొన్ని ఆయనకు చెప్పాను. మా ఇంట్లో అవి మాట్లాడుకునే వేళ ఎప్పుడూ రాలేదు. ఒకటి వంట వేళ, ఒకటి సైటు వేళ, ఒకటి పిల్లల వేళ. ఆ ఇనుప కుర్చీల మీద మాకు ఏ పనీ లేదు, ఎవరూ పిలవలేదు. రాత్రి రెండు గంటలకు ఆయన నా శాలువా నాకు కప్పి, పెట్టెల మీద కాళ్లు పెట్టుకుని నిద్రపోయారు. ఆ రోజును నేను పోయిన రోజుగా లెక్క వేయను.

శుక్రవారం ఉదయం గంటలోపే సియెమ్ రీప్‌లో దిగాం. 2023 అక్టోబరులో మొదలైన కొత్త విమానాశ్రయం అది, ఊరికి దూరం. అక్కడ ఇంకో చిక్కు. నా ఇ-వీసాలో పాస్‌పోర్టు నంబరులోని ఒక అంకె తప్పు పడింది. మూడుకు బదులు ఎనిమిది. అధికారి చాలా మర్యాదగా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించి, ఆ వీసా చెల్లదన్నారు. అక్కడికక్కడే వీసా ఇచ్చే కౌంటర్ ఉంది. 30 డాలర్లు కట్టి, ఫోటో ఇచ్చి తీసుకున్నాను. ఇరవై నిమిషాల పని. కానీ ఆ నంబరు ఇంట్లో ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది. మన వైపు నుంచి వెళ్లేవారు ఈ ఒక్క పనీ తప్పకుండా చేయండి.

డబ్బు గురించి కూడా ఇక్కడే చెబుతాను. కంబోడియా కరెన్సీ రియల్. ఒక డాలరుకు నాలుగు వేల దాకా వస్తాయి. కానీ బజారులో డాలర్లే నడుస్తాయి, చిల్లర మాత్రం రియల్‌లో ఇస్తారు. మేం హన్మకొండలో మార్చుకున్న నోట్లలో ఒక ఇరవై డాలర్ల నోటుకు అంచున గోరంత చిరుగు ఉంది. టుక్‌టుక్ (అక్కడి ఆటో) అబ్బాయి తీసుకోలేదు, హోటల్‌లో తీసుకోలేదు, దుకాణంలోనూ తీసుకోలేదు. చిరిగినా, సిరా గీత పడినా అక్కడ డాలరు చెల్లదు. ఆ నోటు ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

అంగ్‌కోర్ ప్రవేశ టికెట్టు ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62 డాలర్లు. మూడు రోజుల టికెట్టును పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. కౌంటర్ దగ్గరే ఫోటో తీసి దాని మీద ముద్రిస్తారు. రాత్రంతా నిద్ర లేని నా ముఖం ఆ టికెట్టు మీద ఉంది. దాన్ని దాచుకున్నాను.

స్నానాలు చేసి, మధ్యాహ్నం మూడు గంటలకు అంగ్‌కోర్ వాట్ ముందు నిలబడ్డాం. గుడి చుట్టూ కందకం, దాదాపు 190 మీటర్ల వెడల్పు. మన భద్రకాళి చెరువు గట్టు మీద నిలబడితే నీరు కంటికి ఎలా నిండుతుందో అలా ఉంది. పన్నెండో శతాబ్దపు మొదటి సగంలో రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఆలయం ఇది. వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. రెండూ ఒకే శతాబ్దానివి. గుడి పడమరకు తిరిగి ఉంటుంది, అందుకే మధ్యాహ్నం ఎండ ఎదుటి ముఖం మీద పడుతుంది. రాయి తేనె రంగులోకి మారింది. పడమటి గోపురం కింద ఎనిమిది చేతుల విష్ణుమూర్తి ఉన్నాడు. ఇప్పుడు అక్కడివారు బౌద్ధులు, అయినా ఆయనకు బట్ట కట్టి, అగరువత్తులు వెలిగించి మొక్కుతున్నారు. నేను కూడా ఒక వత్తి వెలిగించాను. కార్తీక పౌర్ణమి కదా.

ఆ పౌర్ణమే మా మూడో అడ్డంకి. గుడి నడిమధ్య అన్నిటికన్నా ఎత్తైన అంతస్తును బాకాన్ అంటారు. ఐదు శిఖరాలూ లేచేది అక్కడే. మెట్ల దగ్గరికి చేరితే తాడు కట్టి ఉంది. బౌద్ధుల పర్వదినాల్లో పైకి ఎవరినీ పంపరట. "రేపు రండి" అన్నాడు కాపలాదారు. మా వారి ముఖం చిన్నబోయింది. పాతికేళ్లు ఎదురుచూసి, ఒక రోజు పోగొట్టుకుని వచ్చిన మనిషికి అది బాధే. అయితే పైకి వెళ్లే సమయం మిగలడంతో మేం కింది మండపాల్లో రెండు గంటలు గడిపాం. పైకి వెళ్లి ఉంటే ఈ గోడలను ఇంత తీరికగా చూసేవాళ్లం కాదు.

ఆ గోడలను మాటల్లో పెట్టడం నాకు చేతనైనంత వరకు చెబుతాను. పడమటి మండపంలో కురుక్షేత్రం. చదువు రాని మనిషి కూడా గుర్తుపట్టగలడు. అంపశయ్య మీద భీష్ముడు పడుకుని ఉన్నాడు, చుట్టూ వీరులు. అర్జునుడి రథం మీద కృష్ణుడు నాలుగు చేతులతో పగ్గాలు పట్టాడు. ఇంకో పక్క లంకా యుద్ధం, కోతుల మూక ఒకదాని మీద ఒకటి. దక్షిణం వైపు యముడు, చిత్రగుప్తుడు, నరకాలు. తూర్పున క్షీరసాగర మథనం, 49 మీటర్ల పొడవు. ఒక పక్క 92 మంది అసురులు, ఇంకో పక్క 88 మంది దేవతలు. మధ్యలో విష్ణువు, కింద కూర్మం. సముద్రంలో చేపలు కవ్వం దగ్గరికి వచ్చేసరికి తునకలుగా చీలిపోతున్నట్టు చెక్కారు. ఆ సుడి వేగం చూపడానికి శిల్పికి తట్టిన ఊహ అది! నేను చిన్నప్పుడు మా ఊళ్లో చిందు భాగవతుల ఆటలో విన్న కథలు ఇంత దూరంలో రాతి మీద, పరాయి ముఖాలతో, పరాయి కట్టుబొట్టుతో కనిపిస్తుంటే కళ్లు చెమర్చాయి. ఆయన మాత్రం రాయి మీద అరచేయి ఆనించబోయి, ముట్టరాదన్న బోర్డు చూసి వెనక్కి తీసుకున్నారు. "సున్నం లేదు, ఏమీ లేదు. రాయిని రాయితో అరగదీసి కూర్చారు" అన్నారు మెల్లగా.

సాయంత్రం హోటల్‌కు వస్తుంటే ఊరంతా నది వైపు నడుస్తోంది. ఆ రోజు వాళ్ల నీటి పండుగ. పౌర్ణమి ఏ మాసానిదని టుక్‌టుక్ అబ్బాయిని అడిగితే, "కత్తెక్" అన్నాడు. నేను మళ్లీ అడిగాను. అదే మాట. మన కార్తీకమే. నీటిలో వదిలే దీపాల పడవలను ఏమంటారని అడిగితే "ప్రతీప్" అని చెప్పాడు. మన ప్రదీపమే. అసలు అంగ్‌కోర్ అన్న పేరు కూడా నగరం అన్న మాట నుంచే వచ్చింది. నది ఒడ్డున ఒక ముసలావిడ అరటి దొప్పల్లో పూలు, కొవ్వొత్తులు పెట్టి అమ్ముతోంది. రెండు తీసుకున్నాం. మా ఊళ్లో అయితే ఈ వేళకు వేయిస్తంభాల గుడిలో 365 వత్తులు వెలిగిస్తూ ఉండేదాన్ని. మెట్ల మీద మాతో పాటు పసిపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి తన దొప్పను వదిలి చేతులు జోడించింది. మేం కూడా వదిలి చేతులు జోడించాం. మా దొప్పలు రెండూ కొంతదూరం పక్కపక్కనే వెళ్లాయి. తర్వాత వందల దీపాల్లో మావి ఏవో తెలియలేదు.

శనివారం అంగ్‌కోర్ థోమ్. ఏడో జయవర్మ కట్టిన నగరం. ఆయన 1181లో రాజయ్యాడు, అంటే మన గణపతిదేవుడి తొలినాళ్ల దాకా ఆయన అక్కడ ఏలుతున్నాడు. బయోన్ గుడిలో ఎటు తిరిగినా రాతి ముఖాలు చిరునవ్వుతో చూస్తుంటాయి. అందరూ ఫోటోలు తీసుకునేది అక్కడే. మాకు మాత్రం ఆ రోజు గుర్తుండిపోయింది దాని పక్కనున్న బాఫువాన్.

అది పదకొండో శతాబ్దపు శివాలయం, కొండలా మెట్లు మెట్లుగా లేచిన గుడి. 1960లలో ఫ్రెంచి పురావస్తు నిపుణులు దీన్ని నిలబెట్టడానికి రాళ్లు విప్పి, దాదాపు మూడు లక్షల రాళ్లను చుట్టూ అడవిలో పరిచి, ఏది ఎక్కడిదో కాగితాల మీద రాసుకున్నారు. ఇంతలో అంతర్యుద్ధం వచ్చింది, పని ఆగింది. 1975లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం అధికారంలోకి వచ్చాక ఆ కాగితాలు నాశనమయ్యాయి. రాళ్లు మిగిలాయి, లెక్క పోయింది. 1995లో మళ్లీ మొదలుపెట్టి, ఒక్కో రాయి అంచు చూసి దాని జత వెతికి, 2011లో పూర్తిచేశారు.

గైడు ఇది చెబుతున్నంతసేపూ మా వారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చెప్పడం అయ్యాక వెళ్లి మెట్ల కింద కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. "మనవాళ్ల దగ్గర నంబర్లు ఉండీ పద్దెనిమిదేళ్లు పట్టింది. వీళ్ల దగ్గర నంబర్లు కూడా లేవు" అన్నారు. కొంతసేపటికి, "ఒక రాయికి దాని పక్క రాయి తప్ప ఇంకేదీ అతకదు. మేస్త్రీకి అది చేతితో తెలుస్తుంది" అన్నారు. ఎండ పెరుగుతోంది. మేం అక్కడి నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. గుడి ప్రాంగణంలో జత దొరకని రాళ్లు ఇంకా వరుసగా ఉన్నాయి. వరంగల్ కోటలో స్వయంభు దేవాలయపు ముక్కలు తోరణాల మధ్య నేల మీద పరుచుకున్నట్టే.

తా ప్రోమ్ అదే మధ్యాహ్నం చూశాం. 1186లో జయవర్మ తన తల్లి పేరున కట్టించాడు. గోడల మీదుగా చెట్ల వేళ్లు పాకిన గుడి ఇదే. ఇక్కడ ఒక బోర్డు మీద మన జెండా, వాళ్ల జెండా పక్కపక్కన ఉన్నాయి. ఈ గుడి బాగుచేసే పనిలో మన కేంద్ర పురావస్తు శాఖ పాలుపంచుకుంది. నర్తన మండపాన్ని నిలబెట్టింది వాళ్లే. మన కల్యాణ మండపాన్ని మళ్లీ పేర్చిన శాఖ కూడా అదే. ఆ బోర్డు పక్కన ఆయన ఫోటో తీయించుకున్నారు. యాత్ర మొత్తంలో అడిగి తీయించుకున్న ఫోటో అదొక్కటే.

భోజనం గురించి రెండు మాటలు. వాళ్ల వంటలో చేపల ఊరగాయ లాంటి ప్రహోక్ దాదాపు అన్నిట్లో పడుతుంది. కూరగాయలు అన్నా అందులో చేప రసం ఉండవచ్చు. హోటల్ యజమానురాలు మా మాసం సంగతి ఫోనులో అనువాదం చేసుకుని అర్థం చేసుకుంది, తనే వంటింట్లోకి వెళ్లి తూటికూర వెల్లుల్లితో వేయించి, అన్నం పెట్టించింది. మన చెరువుల్లో పెరిగే తూటికూర అక్కడ రోజూ తినే కూర. నాలుగు రోజులూ అదే తిన్నాం. విసుగు అనిపించలేదు.

ఆదివారం కార్తీక బహుళ విదియ. మా పెళ్లినాటి తిథి. తెల్లవారుజామున ఐదింటికే అంగ్‌కోర్ వాట్ తలుపులు తెరుస్తారు. చీకట్లో టార్చి వేసుకుని వెళ్లి, చెరువు పక్కన కూర్చున్నాం. శిఖరాల వెనుక ఆకాశం తెల్లబడి, ఎర్రబడి, నీటిలో ఐదు శిఖరాలూ కనిపించాయి. జనం చాలామంది ఉన్నారు, అయినా ఒక నిమిషం పాటు ఎవరూ మాట్లాడలేదు.

బాకాన్ తెరిచే వేళకు వరుసలో ముందు ఉన్నాం. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్నది నియమం. నేను పెళ్లినాటి పట్టుచీర కట్టుకున్నాను. పాత రాతి మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి, వాటి మీదుగా చెక్క మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు పెట్టారు. మా వారికి కుడి మోకాలు నొప్పి, సైటు మీద పడినప్పటిది. రెండు మెట్లు ఎక్కి ఆగుతూ, కమ్మీ పట్టుకుని ఎక్కారు. నేను వెనకే ఉన్నాను. వెనక ఎవరో యువకుడు ముందుకు పోవాలని చూసి, ఆయన కాలు చూసి ఆగి, మా కోసం వెనకవాళ్లను కూడా ఆపాడు. పైన నాలుగు వైపులా కిటికీలు, రాతి కమ్మీలు. అడవి అంతా కింద పరుచుకుని ఉంది. ఇరవై నిమిషాలు ఉన్నాం. రామప్పలో ఇచ్చిన మాట గుర్తుందా అని ఆయన అడిగారు. గుర్తుందన్నాను.

మధ్యాహ్నం ఊరికి ముప్పై కిలోమీటర్లకు పైగా ఉన్న బంతియాయ్ స్రేకు వెళ్లాం. 967లో ప్రతిష్ఠ జరిగిన శివాలయం, గులాబి రంగు ఇసుకరాయి. దాన్ని కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే పండితుడు. మన రామప్పను సేనాపతి రేచర్ల రుద్రుడు కట్టించినట్టే. చిన్న గుడి. కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడు, భయపడి శివుణ్ణి పట్టుకున్న పార్వతి ఒక ద్వారం పైన ఉన్నారు. చెక్కలో చెక్కినంత నునుపుగా ఉంది ఆ పని.

తిరిగి వస్తుంటే దారిలో టుక్‌టుక్ టైరు పంక్చరైంది. అబ్బాయి సారీ చెబుతూనే చక్రం విప్పుతున్నాడు. రోడ్డు పక్కన ఒక ఇంటి ముందు పెద్ద మూకుడులో ఏదో మరుగుతోంది. వాసన చూసి ఇద్దరం ఒకేసారి ఒకరి వంక ఒకరం చూసుకున్నాం. తాటి నీరా మరిగించి బెల్లం చేస్తున్నారు. ఆ దేశపు జాతీయ వృక్షం తాటిచెట్టు. మా తాతగారి ఊళ్లో గీసే చెట్లే అక్కడ వరి మడుల గట్ల మీద నిలబడి ఉన్నాయి, ఎక్కడానికి చెట్టుకు వెదురు నిచ్చెన కట్టి ఉంది. ఆ ఇంటావిడ తాటాకు మీద కాస్త వేడి బెల్లం పెట్టి ఇద్దరికీ ఇచ్చింది. మా పెళ్లిరోజని అబ్బాయి ఆమెతో చెప్పాడు. ఎన్నేళ్లని వేళ్లతో అడిగింది. మా వారు రెండు చేతుల వేళ్లూ రెండుసార్లు, తర్వాత ఒక చేయి చూపించారు. ఆమె లోపలికి వెళ్లి తాటాకు పొట్లంలో బెల్లం బిళ్లలు కట్టి తెచ్చింది. డబ్బు ఇస్తే సగమే తీసుకుంది.

తిరుగు ప్రయాణంలో టికెట్టు మీది మూడక్షరాలు నేను చదివాను, ఆయన సరిచూశారు. ఈసారి రెండూ డాన్ ముయాంగే.

నవంబరు 25, కార్తీకంలో చివరి సోమవారం. అత్తమ్మను తీసుకుని వేయిస్తంభాల గుడికి వెళ్లాం. ఆమె మోకాళ్లు కూడా ఇప్పుడు మెట్లకు సహకరించవు, ఆయన చేయి పట్టుకుని మండపంలోకి ఎక్కించారు. దీపాలు వెలిగించాక తాటాకు పొట్లం విప్పి నైవేద్యం పెట్టాం. ఒక బిళ్ల అత్తమ్మ చేతిలో పెట్టాను. నోట్లో వేసుకుని, కాసేపు కళ్లు మూసుకుని, "ఇది మా అమ్మగారి ఊరి తాటి బెల్లం. ఎక్కడ దొరికింది?" అని అడిగింది. ఆయన ఆమె పక్కన కూర్చుని, బాఫువాన్ మెట్ల దగ్గరి నుంచి చెప్పడం మొదలుపెట్టారు.